నల్లమద్ది దర్వాజకు ఉలి

మా ఆయన పోయిన తరువాత ఆయన గురించి ఏదైనా రాయమని మా బిడ్డ చాలాసార్లు అడిగింది. మనిషి మొత్తం గురించి రాయడం నాకు చేతకాదు. రాయబోతే మంచి మాటలు వాటంతట అవే వచ్చి చేరతాయి. చివరికి అది ఎవరి గురించైనా అయి ఉండవచ్చనిపిస్తుంది. అందుకని ఒక ఉలి కొన్న సంగతి మాత్రం రాస్తాను. అందులో ఆయన ఉన్నాడు.

డెబ్బైల చివరి మాట ఇది. చెన్నూరు దగ్గర ఒక ఊళ్లో ఉండేవాళ్లం. ఆయనది వడ్ల పని, అంటే వడ్రంగం. అందులో మంచాలు, పీటలు చేసేవాళ్లు వేరు, దర్వాజలు, అంటే ద్వారబంధాలు, దూలాలు, బండి చక్రాలు చేసేవాళ్లు వేరు. ఆయన రెండో రకం. వానకాలంలో ఇళ్ల పనులు ఆగినప్పుడు మంచిర్యాలకు వెళ్లి ఒక సామిల్లులో దుంగలు కోసేవాడు. పెళ్లికి ముందు నుంచీ అదే అలవాటు.

మా బాపు ఔసల పని, అంటే బంగారం పని చేస్తూనే నన్ను బడికి పంపాడు. పెద్ద చదువు కాదు కాని, పుస్తకం దొరికితే వదిలేదాన్ని కాదు. చెన్నూరు లైబ్రరీ నుంచి ఏదో ఒకటి ఇంట్లో ఉండేది. సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని పనిముట్లు సాన పట్టుకుంటుంటే నేను పైకి చదివేదాన్ని. ఆయన మధ్యలో ఆపి, "మల్ల ఆమె ఏమన్నది?" అని అడిగేవాడు. ఒక ఏడు ఆ అడగడం ఆగిపోయింది. పుస్తకం నచ్చలేదేమో అనుకుని మార్చాను. కొన్నాళ్లకు వెనుక నుంచి పిలిస్తే కూడా తిరగకపోవడం గమనించాను. కోపం వచ్చిందనుకున్నాను. చెవుల సంగతి అని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఆయనకు అంతకుముందే తెలుసు.

ఆయన ఆ విషయం ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. ఎదుటి మనిషి నోరు కనబడేటట్టు కూర్చునేవాడు. తెలియనప్పుడు తల ఊపేవాడు. ఎందుకు దాచాడో ఆయన పని తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. దర్వాజనో దూలాన్నో నలుగురు కలిసి ఒక్క కేక మీద ఎత్తుతారు, ఒక్క కేక మీద దించుతారు. కేక వినబడనివాడు అందులో ఉంటే ఎవరి కాలో నలుగుతుంది. సంగతి బయటపడితే అటువంటి పనికి ఇక పిలవరు. మంచాల కోళ్లు చెక్కుకుంటూ కూర్చోవాలి. అది తక్కువ పని అని కాదు. ఆయనకు అది చేసే ఓపిక లేదు. పెద్ద మొద్దు ముందు నిలబడితేనే ఆయన మనిషిగా ఉండేవాడు.

చెవుల సంగతి నాకు అర్థమైన ఏడే మా ఊరి పటేలు కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. ముందు దర్వాజకు పటేలు తండ్రి కాలం నుంచి కొట్టంలో దాచిన నల్లమద్ది మొద్దు ఉంది. టేకు ఉలికి లొంగుతుంది. ఎండిన నల్లమద్ది లొంగదు. పని మా ఆయనకే వచ్చింది. ముహూర్తం వానలకు ముందే పెట్టుకున్నారు.

మా వైపు ఒక పట్టింపు ఉంది. దర్వాజకు బెజ్జం తొలిచేటప్పుడు ఉలి విరిగి ముక్క కట్టెలో ఉండిపోతే ఆ దర్వాజను ఇంటికి నిలబెట్టరు. పక్కన పడేస్తారు. కొత్త కట్టె వడ్లాయనే తెచ్చుకోవాలి. మంచి కట్టె, మంచి పేరు రెండూ ఒకేసారి పోతాయి. ఆయన దగ్గరున్న పెద్ద ఉలి ఏళ్ల తరబడి సాన పట్టి పట్టి బెత్తెడు మిగిలింది. దానితో ఈ పని కాదు. కొత్తది కావాలి. గట్టిది కావాలి, మాకు అందే ధరలో కావాలి.

మొదట మంచిర్యాలలో ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్లాం. అక్కడి ఉలులు అందంగా ఉన్నాయి. పిడికి మెరుగు, పిడి పైన ఇత్తడి పొన్ను. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని అంచు వైపు కాకుండా మెడ వైపు చూశాడు. పలుచగా ఉంది. కింద ఇనుము సన్నటి తోకలాగా పిడిలోకి దిగి ఉంది. పెద్ద సుత్తెతో నాలుగు దెబ్బలు వేస్తే ఆ తోక పిడిని చీలుస్తుంది. మొద్దు పనికి ఇనుమే గొట్టంలా ఉండి పిడి అందులో కూర్చోవాలి. అటువంటిది ఒకటి ఉంది. దాని ధర విని నేను కిందికి చూశాను. ఆయన ధర వినలేదు. నా ముఖం చూసి దాన్ని మళ్లీ అక్కడే పెట్టేశాడు.

తరువాత చెన్నూరు అంగడి. ప్రాణహిత అవతల నుంచి వచ్చిన కమ్మరులు గోనెసంచి మీద కత్తులు, కొడవళ్లు, ఉలులు పోసి అమ్మేవాళ్లు. ధర మాకు అందేదే.

"పహా దాదా, పక్కా లోఖండ్. తీస్కో, మంచిగున్నది" అని మరాఠీ కలిపి, అసలైన ఇనుము చూడమంటూ వాళ్లలో ఒకాయన లావుపాటి ఉలి ఒకటి ఇచ్చాడు.

ఉలి ఎంచుకోవడానికి మావాళ్లకు ఒక పద్ధతి ఉంది. పిడి లేని ఉలిని మెడ దగ్గర రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని ఇంకో ఇనుముతో ఒకటి కొడతారు. చెవి దగ్గర పెట్టుకుని వింటారు. లోపల పగులు లేకపోతే ధ్వని సాగుతుంది. ఉంటే తెగిపోతుంది. దాన్ని పలకడం అంటారు. మా ఆయన ఎప్పటిలాగే కొట్టాడు, చెవి దగ్గర పెట్టాడు, కళ్లు మూసుకున్నాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. చప్పుడు ఎండు కట్టెను తట్టినట్టు వచ్చి అక్కడే ఆగింది. ఆయన కళ్లు తెరిచి, "మంచిగున్నది" అన్నాడు.

అమ్మేవాడికి డబ్బులిచ్చి దాన్ని సంచిలో వేసుకున్నాడు. దారిలో ఆయనకు ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పాను.

"గది పలుకలే."

"నీకేం ఎర్క ఉలి సంగతి?"

"ఉలి సంగతి ఎర్క లేదు. చప్పుడు ఇన్న. నీకు ఇనవడుతలేదు గదా?"

"నువ్వు చదివేటియి బాగుంటలేవు. గందుకే ఇంటలేను" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు, ఆయనకూ రాలేదు.

ఇంటికి వచ్చాక పెరట్లో తుమ్మ మొద్దు మీద ఆ ఉలిని పరీక్షించాడు. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో మూల ఎగిరిపోయింది. పాత ఆకురాయిని కొట్టి సాగదీసి చేసినది. ఆ ఇనుము గట్టిదే కాని బిరుసు, దెబ్బకు నిలవదు. ఆయన ఎగిరిన ముక్కను మట్టిలో వెతికి తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. అది పటేలు కట్టెలో అయితే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

మిగిలింది మా అన్న దగ్గరికి వెళ్లడం. అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. మా ఆయన అక్క మొగుడు, నాకు వరుసకు అన్న, మా ఆయనకు బావ. వేములవాడలో కొలిమి పెట్టుకున్నాడు. చెప్పి చేయించుకుంటే ఆయన చేసిన ఉలిని మించింది లేదు. సొంతవాళ్లం కాబట్టి ధర గురించి దిగులు లేదు. కాని మా ఆయన రానన్నాడు. దానికి కారణం ఉంది.

కమ్మరి తన ఇనుము బాగుందని తాను చెప్పడు. చేసి ఇస్తాడు. వడ్లాయన కొట్టి, విని, "పలికింది" అంటాడు. ఆ మాట తరువాతే పిడి వేస్తారు. మా బావాబామ్మర్దుల మధ్య ఇంకో ఆట ఉండేది. బావ మొదట, చూడడానికి అసలుదానిలాగే ఉండే ఒక పనికిరాని ఉలిని నవ్వకుండా చేతికిచ్చేవాడు. మా ఆయన దాన్ని కొట్టి విని, ఏదో ఒక తిట్టు తిట్టి, దూరంగా విసిరేసేవాడు. ఆ తిట్టు వినడానికి చుట్టుపక్కలవాళ్లు వచ్చి నిలబడేవాళ్లు. అప్పుడు అసలు ఉలి బయటికి వచ్చేది. ఒక్కోసారి బావ అసలుదాన్నే ముందు ఇచ్చి చూసేవాడు.

"ఈసారి ఇచ్చిన మొద్దు ఉలినే మంచిదంటే నా ఇజ్జత్ ఏంగావాలె?" అన్నాడు మా ఆయన. తనకు వినబడదని నాతో ఒప్పుకున్నది అదే మొదటిసారి.

నేను ఒక ఉపాయం చెప్పాను. "నేను నీ ముంగటనే నిలవడ్త. పలుకకపోతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంట. నువ్వు తిట్టు."

చివరికి సరే అన్నాడు.

సోమవారం గుడికి పోయేవాళ్లతో వేములవాడ బస్సులో నిలబడడానికి కూడా చోటుండదు కాబట్టి బుధవారం వెళ్లాం. మా వదినె, అంటే ఆయన అక్క, తమ్ముణ్ని చూసి ఆగకుండా మాట్లాడింది. ఆయన అన్నిటికీ తల ఊపాడు.

అన్న లారీ కమాను పట్టీ ఒకటి తీశాడు. లారీ కింద బరువును మోసి మోసి వంగుతూ లేస్తూ ఉన్న ఇనుము అది. విరగదు. దాన్ని ఎర్రగా కాల్చి, కోసి, మెడ లావుగా ఉంచి, పైన గొట్టంలా చుట్టాడు. అంచు మరీ పలుచగా తీయలేదు. నల్లమద్ది అని చెప్పగానే, "అయితే ముక్కు మందంగ ఉండాలె" అని తనే అన్నాడు. కొసను మాత్రం నీళ్లలో ముంచి తీసి, మట్టితో రుద్ది, ఇనుము మీద రంగు ఎక్కడాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఎండుగడ్డి రంగు అంచు దాకా రాగానే మళ్లీ ముంచాడు. ఆ పని జరుగుతున్నంతసేపు మా ఆయన ముఖంలో దిగులు లేదు. చూసే పనికి చెవులు అక్కరలేదు.

అప్పటికి నలుగురైదుగురు గుమిగూడారు. వదినె చాయ్ గ్లాసులు తెద్దువు రమ్మని నన్ను లోపలికి పిలిచింది. కాదనలేకపోయాను. గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి అన్న ఇచ్చిన ఉలి మా ఆయన చేతిలో ఉంది. ఒకసారి కొట్టేశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. అందరూ తిట్టు కోసం చూస్తున్నారు. ఆయన కళ్లు నా కోసం వెతుకుతున్నాయి.

నన్ను చూశాడు. మళ్లీ కొట్టాడు. తెగిన చప్పుడు. నా చేతుల్లో గ్లాసులు. వాటిని కింద పెట్టి కొంగు అందుకున్నాను. నోటి దాకా తెచ్చానో లేదో, ఆయన ఉలిని దించాడు.

"గిది ఆమెకియ్యి, బావా. నాకు ఇనవడదు" అన్నాడు.

తరువాత ఎప్పుడో అడిగాను, ఉపాయం కుదిరింది కదా, ఎందుకు చెప్పేశావని. "నువ్వు కొంగు నోట్లె పెట్టుకోని నా ఎంబడి ఎన్ని ఊర్లు తిరుగుతవు?" అన్నాడు.

అన్న లేచి వచ్చి ఆయనకు ఎదురుగా నిలబడ్డాడు. నెమ్మదిగా, నోరు బాగా తెరిచి అడిగాడు.

"ఎప్పటి సంది?"

"సామిల్లుల పని సంది. జరంత జరంత."

"మరి గిన్నొద్దులు నేను నిన్ను తిట్టిన తిట్లన్ని దండుగేనారా?"

ఆయనకు ఆ మాట అందింది. నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. వదినె మాత్రం కళ్లు తుడుచుకుంటూ మొగుని మీదికి వచ్చింది.

"రాఖీ పున్నమకు వచ్చినప్పుడు బర్రెను అమ్ముదామారా అంటే తల ఊపిండు. తమ్ముడు అమ్ముమన్నడని అమ్ముకుంటిమి. పాలిచ్చే బర్రె."

"అమ్మిన బర్రె సంగతి ఇప్పుడెందుకే" అన్నాడు అన్న. "చెల్లె, నువ్వు కొట్టు."

నేను వెనక్కి తగ్గాను. ఆడది కొలిమి కాడ ఇనుము కొట్టడమేమిటని ఎవరైనా అంటారేమోనని.

"కొట్టవే, సిగ్గేంది" అంది వదినె.

మెడ దగ్గర పట్టుకుని కొట్టాను. వేళ్లు గట్టిగా బిగించానని అన్న వదులు చేయించాడు. మళ్లీ కొట్టాను. విన్నాను. తిట్టాలి కదా. నాకు తిట్లు రావు. చదివిన పుస్తకాల్లోవి ఏవీ అక్కడికి పనికిరావు.

"అన్నా, గిది దొడ్డికి గొళ్లెం చెయ్యి" అని కింద పడేశాను.

వాళ్లు నవ్విన నవ్వుకు రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగారు. మా ఆయన నా నోరే చూస్తున్నాడు కాబట్టి మాట తెలిసింది. ఆయన నవ్వు అందరికంటే తరువాత మొదలై అందరికంటే తరువాత ఆగింది.

అసలు ఉలి వచ్చింది. కొట్టాను. సన్నగా, ఎక్కడా తెగకుండా సాగి ఆగింది. నేను చెప్పబోయే ముందు అన్న చెయ్యి అడ్డం పెట్టి, ఉలిని ఆయన చేతికే ఇచ్చి, వేళ్ల మధ్య పట్టుకోమని తనే కొట్టాడు. మొదటి ఉలిని కూడా తెప్పించి పట్టించాడు. మా ఆయన ఒకదాని తరువాత ఒకటి రెండింటినీ పట్టి చూశాడు. "వేళ్లకు తెలుస్తున్నది" అన్నాడు. తరువాత నన్ను చూసి, "పలికిందా?" అని అడిగాడు.

"పలికింది" అన్నాను. పిడి వేశారు.

తిరిగి వచ్చిన మరునాడు పటేలు దగ్గరికి వెళ్లాం. ఎవరికీ చెప్పకుండా పని మొదలుపెట్టవచ్చు. ఉలి ఉంది, చెయ్యి ఉంది. కాని ఎత్తే రోజు ఒకటి ఉంది. ఆయనే మాట మొదలుపెట్టాడు.

"పటేలా, నాకు చెవులు ఇనవడవు. దర్వాజ చేస్త. ఎత్తేనాడు నా ఎనుక మా బావను నిలవెట్టుకుంట. మీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పుండ్రి."

పటేలు నా వైపు తిరిగి, "నిజమేనామ్మా? పూరాగ ఇనవడదా?" అన్నాడు. ఆ తరువాత ఏళ్లలో చాలామంది అలాగే చేశారు. ఆయన అక్కడే ఉండగా ఆయన గురించి నన్ను అడిగేవాళ్లు. ఆ రోజుకు అది నాకు కొత్త.

"ఆయన్నే అడుగుండ్రి, జర ముంగటికి వచ్చి" అన్నాను.

పటేలు ముందుకు వచ్చాడు. చెడ్డ మనిషి కాదు. ఆయన భయం ఆయనది, తండ్రి దాచిన మొద్దు.

"ఇనుము ఇరిగితే?" అన్నాడు.

"ఇరగదు. ఇరిగితే కొత్త కట్టె నాది."

"ఒక్క బెజ్జం నా ముంగట తొల్వు. చూసినంక చెప్త."

మొద్దు అప్పటికే కోసి ఉంది. నిలువు చెక్కను నేల మీద పడుకోబెట్టి, పై అడ్డం కొస దిగేందుకు బెజ్జం గీశాడు. ఉలి పెట్టి కొయ్య సుత్తెతో కొట్టాడు. నల్లమద్ది మొదట పొడి మాత్రమే ఇచ్చింది. తరువాత పెళ్లలు లేచాయి. పటేలు ఉలి కొసనే చూస్తున్నాడు. నేను చప్పుడు వింటున్నాను. బెజ్జం ఇవతల నుంచి సగం, అవతల నుంచి సగం తొలిచి రెండూ కలిశాక ఆయన ఉలిని గుడ్డతో తుడిచి పటేలు చేతికిచ్చాడు. అంచు అలాగే ఉంది. పటేలు బొటనవేలితో అంచును తాకి చూసి, తిరిగి ఇచ్చి, "కానియ్యి" అన్నాడు.

మిగతా బెజ్జాలు, కింది గడప పూర్తి చేయడానికి ఆయనకు చాలా రోజులు పట్టింది. ఎప్పటికన్నా మెల్లగా చేశాడు. సాయంత్రం వచ్చి ఉలిని నా చేతికిచ్చేవాడు. పిడి వేసిన ఉలి పెద్దగా పలకదని ఇద్దరికీ తెలుసు. అయినా కొట్టి విని చూపేదాన్ని.

ముహూర్తం నాడు అన్న వేములవాడ నుంచి వచ్చాడు. దర్వాజకు పసుపు పూసి కుంకుమ పెట్టారు. నలుగురు నాలుగు మూలలు పట్టుకున్నారు, ఒక మూల మా ఆయనది. అన్న మా ఆయన వెనుక నిలబడి వీపు మీద అరచెయ్యి ఆనించాడు. ఊళ్లోవాళ్లు చాలామంది చూస్తున్నారు. వాళ్లు దర్వాజను కాదు, ఆ చేతిని చూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. మేస్త్రీ కేక పెట్టాడు. అన్న చెయ్యి నొక్కాడు. నల్లమద్ది నేల విడిచింది. ఇంకో కేక, ఇంకో నొక్కు. నాలుగు మూలలూ ఒక్క తీరుగా లేచి, ఒక్క తీరుగా దిగాయి. నిలువుకు తూకం గుండు వేసి చూసి మేస్త్రీ తల ఊపాడు. పటేలు భార్య కొబ్బరికాయ కొట్టింది.

దానితో అన్నీ చక్కబడ్డాయని రాయను. ఆ ఏడు పక్క ఊరి నుంచి రావలసిన రెండు పనులు రాలేదు. సంగతి వాళ్లకు చేరింది. ఆయనకు వెనుక నుంచి కొత్త పేరు కూడా పెట్టారు. అది ఆయనకు వినబడదు, నాకు వినబడేది. సామిల్లుకు మాత్రం మళ్లీ వెళ్లలేదు.

కొత్తవాళ్లు ఎవరైనా పని మాట్లాడడానికి వస్తే వాళ్లు నోరు తెరవకముందే ఆయనే చెప్పేవాడు. "ముందుగాల ఒక మాట. నాకు ఇనవడదు. చెప్పేది ఉంటే ముంగటికి వచ్చి కూసోని చెప్పుండ్రి." కొందరు ఇంటికి పోయి మాట్లాడుకుని చెబుతామని లేచి వెళ్లారు. ఎక్కువమంది చెప్పులు విడిచి, అరుగెక్కి, ఆయనకు ఎదురుగా కూర్చున్నారు.